పెద్దింట్లమ్మ నుదురు

మండపేటలో మూతపడ్డ ఓ రైసుమిల్లు వెనక పాత మేడ ఉంది. దీపాలు పెట్టాక దాని పక్క సందులోకి లారీవాళ్లు కూడా బండి తిప్పరు. కరెంటు పోతే చాలు, పైఅంతస్తు హాల్లో ఉన్న పెద్దింట్లమ్మ పటం వీధిలోకి చూస్తుందట. ఎవరు చూశారయ్యా అంటే మాత్రం ప్రతివాడూ పక్కవాణ్ణి చూపిస్తాడు. నేనూ నవ్వేసేదాన్ని... మా పిన్ని కూతురు రమ్యశ్రీ అక్కడ పనికి వెళ్లేదాకా.

రమ్యశ్రీ ఉండేది రాజమండ్రిలో. పాడైపోయిన పాత పెయింటింగులు బాగుచేయడం దాని పని. అది చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

పెద్దింట్లమ్మ పసుపుకుంకుమలతో పోయిన పేరంటాలని ఆ ఇంట్లో నమ్మకం. కొత్తగా వచ్చిన ప్రతి కోడలూ, భర్త చల్లగా ఉండాలని మొక్కుకుని, ఆ పటం నుదుట వేలితో కుంకుమ పెట్టాలి. పైన అద్దం లేని నూనెరంగుల పటం అది. తరాల తరబడి పెట్టిన కుంకుమ పెచ్చుకట్టి, కింద రంగును లాగేస్తోంది.

"ముఖమంతా తుడవండి. బొట్టు జోలికి మాత్రం వెళ్లకండి," అంది ఇంటావిడ సూర్యకళ, తాళాలు చేతికిస్తూ. రమ్యశ్రీ సరేనంది.

పటాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి కూర్చుంది. ఇక్కడో సంగతి చెప్పాలి. పాత రంగుల మీద మసి తీయడానికి వీళ్ల దగ్గర ఎన్ని మందులున్నా, అన్నిటికంటే మెత్తనిది — ఉమ్మి. పుల్లకి దూది చుట్టి, నాలుక మీద తడిపి, మెల్లగా దొర్లిస్తారు. అన్ని దేశాల్లోనూ అంతేనట. ఇంకెక్కడైనా చేసుకో, పేరంటాలి ముఖం మీద ఎంగిలేంటే అని నేను దాన్ని తిట్టాను. తిట్టి ఏం లాభం, అప్పటికే అంతా అయిపోయింది.

చీకటి పడుతోంది. బుగ్గలు తేటపడ్డాయి, కళ్లు తేటపడ్డాయి. నుదుటి మీద మసి తీస్తుంటే బొట్టు అంచు తడిసింది... దూది ఎర్రబడింది. ఆపుదామనుకుంది. కానీ ఊడిన అంచు కింద ఏదో తేడాగా కనిపించింది. ఇంకో పుల్ల తీసింది. ఆ తర్వాత ఇంకోటి —

బొట్టు మొత్తం వచ్చేసింది.

కింద నుదురు బోసిగా ఉంది. చిత్రకారుడు వేసిన బొట్టును ఎవరో కత్తితో గీకేశారు... రంగంతా లేచిపోయి, లోపలి గుడ్డ కనిపించేదాకా.

ముత్తైదువ బొట్టు ఎవరైనా గీకుతారా?

అంతలో కరెంటు పోయింది.

ఎందుకో దానికి భర్త గుర్తొచ్చాడు. రాజేంద్ర దాన్ని తీసుకెళ్లడానికి బండి మీద కాలవగట్టు దారిన వస్తున్నాడు. ఫోన్ చేసింది. మోగింది... ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

మేడకి కాపలా ఉండే ముసలమ్మ పాపాయి, ఫోన్ లైటు వేసుకుని పైకొచ్చింది. పటం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏం చేశారమ్మా... ఆవిడ ముత్తైదువ కాదండి. పెనిమిటి ఆ కాలవగట్టు మీదే పోయాడండి. ఈవిడేమో బొట్టు తియ్యనందంట. బలవంతంగా తీసేసి, పటానికి కూడా గీకేశారంట. ఆ తర్వాత ఈ ఇంట్లో మగాళ్లు వరసగా పోతా ఉంటే... భయపడి కుంకం పెట్టడం మొదలెట్టారండి."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"కింద కుంకం ఉంది. తెస్తానుండండి."

లైటు ఆవిడతోపాటే మెట్లు దిగిపోయింది. చీకట్లో రమ్యశ్రీ, పటం — ఇద్దరే. దానికి ఏడుపొచ్చేసింది. బల్ల మీదికి వంగి, కళ్లు మూసుకుని, ఆ ముఖం ఉన్నవైపు గుసగుసగా అంది:

"ఆయన్ని వదిలెయ్యమ్మా..."

నుదుటికి ఏదో చల్లగా తగిలింది. కళ్లు తెరవడానికి ధైర్యం చాల్లేదట.

కింద బండి ఆగిన చప్పుడు. పడుతూ లేస్తూ మెట్లు దిగింది. రాజేంద్రే. బండి దిగుతూనే చెప్పాడు.

"ఇప్పుడే... వంతెన దగ్గర. లైటు లేని ట్రాక్టరు నా మీదికే వచ్చేసింది. ఎలా తప్పిందో నాకే తెలీదు."

గట్టిగా పట్టుకుని ఏడ్చింది. అతను దాని ముఖం పైకెత్తి చూశాడు.

"నీ బొట్టేదీ?"

తడుముకుంది. నుదుట స్టిక్కరు లేదు.

ఈలోగా కుంకం తీసుకుని పైకెళ్లిన పాపాయి అక్కడినుంచి పిలిచింది... కేక కాదు, మామూలుగా, మెల్లగా. వెళ్లి చూశారు. పటం నుదుట, సరిగ్గా ఆ గీకిన చోట, రమ్యశ్రీ మెరూన్ స్టిక్కరు.

వంగినప్పుడు చెమటకి ఊడి పడుంటుందిలే అన్నాను. "పడితే పడిందక్కా. వేలితో నొక్కినట్టు అతుక్కునుంది," అంది.

స్టిక్కరు జిగురు పాత రంగును తినేస్తుంది. ఆ సంగతి దానికంటే ఎవరికి తెలుసు? వచ్చి దాన్ని తీసేయమని సూర్యకళగారు రోజూ ఫోన్ చేస్తున్నారు. ఇది ఎత్తడం లేదు.

"తియ్యాలంటే మళ్లీ బొట్టు చెరపాలి కదక్కా," అంటుంది... అంటూ వీధి గుమ్మంవైపు చూస్తుంది, రాజేంద్ర ఇంకా రాలేదేంటా అని.