గాలి కంత

నాకు ఇనుమంటే మొదటినుంచీ పడదు. చెక్క అయితే మన మాట వింటుంది. తప్పు కోస్తే అతికించుకోవచ్చు, మరీ తప్పు కోస్తే పొయ్యిలో పెట్టుకోవచ్చు. ఇనుము అలా కాదు, ముట్టుకుంటే చాలు, ఎక్కడో ఒకచోట రక్తం కళ్ళచూస్తుంది. ఈ మాట అంటే బావ పగలబడి నవ్వేవాడు. "నీది చెక్కపని కాదురా, చెక్కభజన" అనేవాడు.

బావంటే మా అక్క మొగుడు, వెల్డరు. నేను వడ్రంగిని. అక్కావాళ్ళ ఇంటి వెనక ఒక రేకుల షెడ్డుంది. అందులో సగం బావది, సగం నాది. నిప్పురవ్వలకీ రంపపు పొట్టుకీ స్నేహం కుదిరితే ఏమవుతుందో తెలుసు కాబట్టి మధ్యలో నిలువెత్తు రేకు ఒకటి అడ్డం పెట్టి, పక్కనే ఇసక బకెట్టు ఉంచాం. ఆ రేకు మీదుగా ఒకళ్ళనొకళ్ళం ఆడిపోసుకుంటూ పని చేసుకునేవాళ్ళం.

బావకి బాయిలర్లు చేసే ఫ్యాక్టరీలో పరీక్ష ఉంది. వాళ్ళిచ్చిన పలకలతో డబ్బా కట్టి అన్నివైపులా మూయాలి. దాన్ని నీళ్ళలో ముంచుతారు. ఒక్క బుడగ పైకొచ్చినా ఇంటిదారి పట్టాల్సిందే. బావ ఒకసారి అలా ఇంటిదారి పట్టి వచ్చాడు. అప్పట్నుంచి మొదలైంది సాధన. డబ్బాలు చేసి చేసి మొహం మొత్తి, నక్షత్రాలూ, మెలితిరిగిన త్రికోణాలూ, పన్నెండు పలకల బంతులూ చెయ్యడం మొదలెట్టాడు. నేనేమైనా తక్కువ తిన్నానా? అవే ఆకారాలు చెక్కతో, ఎక్కడా మేకు లేకుండా, ఒక ముక్కలో ఒక ముక్క దూర్చి, ఎక్కడ లాగితే విడిపోతుందో తెలియని పజిళ్ళలాగా చేసేవాణ్ణి. అక్క వచ్చి అరలన్నీ చూసి తల బాదుకునేది. "కూర్చోడానికి ఇంట్లో తిన్నగా నిలబడే స్టూలు లేదు. ఇక్కడ మాత్రం ఆకాశంలో లేనన్ని నక్షత్రాలు!"

పని మీద మాత్రం బావకి ఎక్కడలేని భక్తి. బోలుగా ఉండేది ఏది మూసినా చివరి పలకకి చిన్న కంత పెట్టేవాడు. వెల్డింగు వేడికి లోపలి గాలి ఉబ్బుతుంది. దానికి దారి లేకపోతే చివరి అతుకుని చీల్చుకుని, కరిగిన ఇనుముతో సహా మొహం మీదికి వస్తుంది. అందుకని అంతా చల్లారాక, అన్నిటికన్నా చివర్న, ఒక్క చుక్క పెట్టి ఆ కంత పూడ్చాలి. దాన్ని బావ గాలి కంత అనేవాడు. వేడి మీద పూడ్చడం బావ జన్మలో చెయ్యని పని.

ఆ రోజు మబ్బు పట్టి మధ్యాహ్నమే చీకటి పడింది. రేకుల మీద వాన ఒకటే మోత. బావ పాతినుము కొట్టునుంచి మందపాటి పలక తెచ్చి, అప్పటికే ఐదు మూలల ముక్కలుగా కోసి పెట్టుకున్నాడు. ఒకవైపు పాత ఆకుపచ్చ రంగు ఉంది. ఆ రంగు మీద గీతలు. ఒకటీ అరా కాదు. నాలుగేసి, ఐదేసి, పక్కపక్కన, చేతివేళ్ళంత ఎడంలో.

"ఎక్కడిది బావా ఇది?"

"ఏదో ట్యాంకు మూతట. లోపల ఒకడు పని చేస్తుంటే చూసుకోకుండా మూత పెట్టి వెల్డింగు కొట్టేశారట. కొట్టువాడు చెప్పాడు."

"చెబితే కొనుక్కొచ్చావా?"

"ఇనుముకి గీతలుండక పూలుంటాయా? ఆ వైపు లోపలికి పెట్టేస్తాలే, నీ కంటికి కనపడదు."

నాకు ఒళ్ళు మండింది. కానీ పరీక్ష దగ్గరపడింది, బావ చిరాకు మీద ఉన్నాడు. పలకలు సరైన వాలులో నిలబడ్డానికి నేను చేసిన టేకు తొట్టెలో ఒక్కొక్కటే పేర్చాడు. గుమ్మడికాయంత బంతి. నేను రెండో మాస్కు తగిలించుకుని, పలకలు కదలకుండా పట్టకారుతో పట్టుకున్నాను.

వెల్డింగు మాస్కు పెట్టుకోని వాళ్ళకి ఆ చీకటి తెలియదు. రాడ్డు అంటుకోనంతసేపూ కళ్ళముందు ఏమీ ఉండదు. మన ఊపిరి మన మొహానికే కొడుతుంది. అంటుకున్నాక రూపాయి బిళ్ళంత పచ్చటి వెలుగు, ఆ వెలుగులో కనిపించినంతే లోకం. కాలిన రంగు వాసన, పొగ. ఆ రోజు వాటి అడుగున ఇంకో వాసన తగిలింది. చాలాకాలం మూసి ఉంచిన గది వాసన. అందులో మనిషి చెమట.

ఆఖరి పలక అతుకు పూర్తయింది. బావ ఆపాడు. ఇద్దరం మాస్కులు పైకెత్తాం. గాలి కంతలోంచి వేడిగాలి బుస్సుమని రావాలి. రాలేదు. బంతి చుట్టూ తేలుతున్న పొగ సన్నటి దారంలా సాగి... ఆ కంతలోకి పోతోంది.

"బావా," అన్నాను మెల్లగా. "లోపలికి లాగుతోంది."

"నోర్ముయ్. అలా ఎలా లాగుతుంది?"

నా చొక్కా మీది రంపపు పొట్టు చిటికెడు తీసి కంత దగ్గర పెట్టాను. సర్రున లోపలికి పోయింది. ఒక క్షణం ఆగింది. పొట్టంతా తిరిగి నా వేళ్ళ మీదికి వచ్చి పడింది. మళ్ళీ లోపలికి... మళ్ళీ బయటికి.

అది ఏమిటో చెప్పడానికి చదువు అక్కర్లేదు. ఊపిరి.

బావ మొహంలో నెత్తుటి చుక్క లేదు. అయినా మొండిఘటం. చిన్న సుత్తి తీసుకుని అతుకు మీది పెచ్చు రాలగొట్టడం మొదలెట్టాడు. టక్... టక్... టక్. ఆపాడు.

లోపలినుంచి టక్.

"ఇనుము చల్లారేటప్పుడు చప్పుడు చేస్తుంది," అన్నాడు బావ.

టక్ టక్ టక్ టక్... లోపలినుంచి, ఊపిరాడనివాడు తలుపు బాదినట్టు, ఆగకుండా. టేకు తొట్టె వణకడం నా అరచేతులకి తెలుస్తోంది. బావ రాడ్డు అందుకున్నాడు. కంత వైపు దించాడు.

నేను మణికట్టు పట్టుకున్నాను. "వద్దు బావా. ఇంకా కాలిపోతోంది. చల్లారనీ."

"చల్లారేదాకా ఇది ఇలా కొడుతూనే ఉండాలా?"

"కొడితే కొట్టనీ! మూయకు. వాడికి ఒకసారి చేసిందే మళ్ళీ చేస్తున్నావు!"

బావ నన్ను మోచేత్తో నెట్టేశాడు. భయపడ్డ మనిషి ఎంత బలంగా నెడతాడో అప్పుడే తెలిసింది. మాస్కు తల ఊపుతో దించుకున్నాడు. రాడ్డు అంటుకుంది. ఒక్క చుక్క. కంత పూడింది.

చప్పుడు ఆగింది. వాన కూడా ఆగినట్టనిపించింది.

తర్వాత బంతి ఎగిరింది. నేను రెండ్రోజులు కూర్చుని చేసిన టేకు తొట్టె ఎండుపుల్లలా నిలువునా పగిలింది. బంతి సూటిగా బావ గుండెల మీద తగిలింది. వెల్లకిలా పడ్డాడు. తల బల్ల అంచుకి ఫట్‌మని కొట్టుకుంది. బంతి దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది.

"బావా!" అంటూ వంగాను.

"ఒరేయ్..."

బావ గొంతే. కానీ కింద పడి ఉన్న మనిషి మాస్కులోంచి కాదు. నా కాళ్ళ దగ్గర్నుంచి. గుమ్మడికాయంత ఇనప బంతిలోంచి, ఎక్కడో నూతి అడుగునుంచి వస్తున్నట్టు.

"ఒరేయ్, తియ్యరా... చీకటిగా ఉంది... ఊపిరాడ్డం లేదురా..."

ఆలోపు అవతల బావ లేచి నిలబడ్డాడు. మాస్కు దించే ఉంది. చేతిలో పెద్ద సుత్తి ఉంది. మాస్కు నల్లద్దం నా వైపు తిరిగింది. ఒళ్ళు బావదే, నడక మాత్రం ఎన్నాళ్ళో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నవాడి నడక.

గ్రైండరు ఎలా అందుకున్నానో తెలియదు. స్విచ్చి నొక్కి, కాలుతున్నా బంతిని మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాను. తిరిగే చక్రం కంత మీద పెట్టేలోపే సుత్తి నా ఎడమచేతి మీద దిగింది. వేళ్ళు విరిగిన చప్పుడు గ్రైండరు మోతలో కూడా వినపడింది. అరిచాను. రెండో దెబ్బ భుజం మీద. నన్ను మెడ పట్టుకుని కిందికి వంచాడు. నా చెంపని ఆ కాలుతున్న బంతికేసి అదిమాడు. చర్మం చుయ్యిమంది. నా మాంసం వాసన నాకే వచ్చింది.

"చచ్చిపోతున్నానురా..." చెంప కింద బావ గొంతు సన్నగిల్లుతోంది. "అక్కకి... చెప్పు..."

ఆ మాటతో నాకు పిచ్చెక్కింది. నడుముకున్న ఉలి లాగి, మెడ పట్టుకున్నవాడి తొడలో పిడిదాకా దింపాను. మా అక్క మొగుడి తొడలో. వెచ్చటి రక్తం నా మోచేతిదాకా కారింది. పట్టు సడలింది. ఒంటిచేత్తో గ్రైండరు మళ్ళీ అందుకుని చక్రం కంత మీద గుద్దాను. రవ్వలు కళ్ళలోకి, నోట్లోకి, కాలిన చెంప మీదికి. చక్రం విరిగి ముక్క ఎటో ఎగిరిపోయింది. చిటికెన వేలు పట్టేంత కంత తెరుచుకుంది.

లోపలినుంచి గాలి బయటికొచ్చింది. పొడుగ్గా... ఆగకుండా... అంత చిన్న బంతిలో పట్టనంత గాలి. అది ఆగగానే నా వెనక బావ మూటలా కూలిపోయాడు.

మాస్కు ఊడదీశాను. మొహం నీలంగా ఉంది. గుండె మీద గుద్దాను, ఏడుస్తూ గుద్దాను. ఒక్కసారి ఎగశ్వాస తీసి దగ్గాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క పరిగెత్తుకొచ్చి మమ్మల్నిద్దర్నీ చూసి గుమ్మంలోనే చతికిలబడింది. ఆటో మాట్లాడి బావని ఎక్కించాం. నేను మెయిన్ స్విచ్చి తీసేసి, షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకున్నాను.

ఆసుపత్రిలో పని చేస్తూ జరిగిన ప్రమాదమని చెప్పాం. నమ్మారో లేదో, కుట్లు మాత్రం వేశారు. నర్సు బావ చేతులకున్న తోలు గ్లౌజులు ఊడదీసి ఆగిపోయింది. పది గోళ్ళూ మొదళ్ళదాకా విరిగి ఉన్నాయి. వాటి కింద ఎండిన ఆకుపచ్చ రంగు పెచ్చులు.

"ఏం గోకారండీ ఈయన, ఇంతలా?" అంది.

గ్లౌజులకి చిన్న చిరుగు కూడా లేదు. లోపల పడ్డ బాధంతా పాపం ఒంటికి తగిలింది కాబోలు అనుకున్నాను. మనిషి దక్కాడు, అది చాలనుకున్నాను. అక్క బావ అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్న బట్టలు తేవడానికి ఇంటికొచ్చాను. చేతికి కట్టు, చెంపకి కట్టు. షెడ్డు వైపు పోకూడదనుకుంటూనే పోయాను. తాళం వేసినట్టే ఉంది, తీసి లోపలికెళ్ళాను. మెయిన్ స్విచ్చి తీసినట్టే ఉంది. లోపల ఎండ పడుతోంది, నెత్తురు ఎండి నల్లబడింది. బంతి ఎక్కడ వదిలానో అక్కడే ఉంది. నేను కోసిన కంత లేదు.

పూడ్చి ఉంది. ఒంటిచేత్తో బంతిని వెలుగులోకి తిప్పి చూశాను. బావ పక్కన ఇన్నాళ్ళు నిలబడ్డాక నాకూ ఒక సంగతి తెలుసు. వెల్డింగు ఏ వైపునుంచి చేస్తే ఆ వైపు చేపపొలుసుల్లాంటి వరసలు పడతాయి. అవతలివైపు వట్టి బొట్లు కారి గడ్డకడతాయి. నాకు కనిపిస్తున్నవి బొట్లు. పొలుసులు లోపలున్నాయి.

ఎవరో లోపలినుంచి మూసుకున్నారు. భయపడ్డవాడు లోపల గడియ పెట్టుకున్నట్టు. ఎవరికి భయపడి?

మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించాను. ఇనుము చల్లగా ఉంది.

"బావా?" అన్నాను గుసగుసగా.

లోపల ఎవరో ఊపిరి బిగపట్టారు.

జేబులో ఫోను మోగింది. అక్క. ఏడుస్తోంది, కానీ సంతోషంతో.

"తమ్ముడూ, బావకి తెలివొచ్చిందిరా! మంచినీళ్ళు తాగాడు. కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ నా చెయ్యి పట్టుకుని వదలడం లేదు. రేపే ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అన్నీ బాగానే ఉన్నాయిగానీ ఒక్కటే పేచీ... గది తలుపు మాత్రం వెయ్యనివ్వడం లేదు."