పైపు కింద సందు

"నెమలి మన మనిషి. ఆమె మీద చెయ్యి వెయ్యకు" అన్నాడు చీఫ్.

ఏజెంట్ సూది తల ఊపింది. సముద్రం అడుగున గ్యాస్ పైప్‌లైన్. ప్రవాహం ఇసుకను కోసుకుపోయిన చోట పైపు వేలాడుతుంది. అక్కడ ఒక్క దెబ్బ చాలు, రెండు ముక్కలు. ఆ చోటు ఎక్కడుందో కంప్యూటర్ మోడల్‌తో లెక్కకట్టగల ఇంజనీరు ఒక్కడే. ఆయన లెక్కల ఫైల్ కోసం విదేశీ ముఠా నెమలిని పంపుతోంది. ఆమె ముఠాకు తెలియకుండా మన డిపార్ట్‌మెంట్‌కూ పనిచేస్తుంది. ల్యాబ్‌లో మనం పెట్టిన దొంగ ఫైల్ పట్టుకెళ్తుంది. అందులో ఇసుక ఎక్కడా కదలదు.

"ఆ ఇంజనీరు మీ ఆయనే. నీ ఉద్యోగం సంగతి ఆయనకు తెలుసా?"

"ఇన్సూరెన్స్ ఆఫీసనుకుంటున్నారు సార్."

మర్నాడు సూది విగ్గూ మాస్కూ పెట్టుకుని, క్లీనర్ వేషంలో ల్యాబ్ నేల తుడుస్తోంది. నెమలి నిజంగానే నెమలి. ఆమె పక్కన మొగుడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. సూది తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"ముందు పైపు కింద మనమే చిన్న సందు పెట్టాలండీ, లేకపోతే లెక్క మొదలవదు. నీళ్లు దూరాక ఆ సందే పెరిగి గుంతవుతుంది" అని వివరిస్తున్నాడు. ఇంట్లో అడిగితే "నీకెందుకులే" అనే మనిషి.

"కాఫీ దొరుకుతుందా?" అంది నెమలి. ఆయన పరుగెత్తాడు. పెళ్లానికి ఏనాడూ గ్లాసుడు మంచినీళ్లిచ్చిన పాపాన పోలేదు.

నెమలి లిప్‌స్టిక్ మూత తీసి కంప్యూటర్‌కు గుచ్చింది. కాపీ మొదలైంది. తెర మీద పైపు కింద గుంత పెరుగుతోంది. ఇసుక కదులుతోంది.

సూది మాస్కులోని మైకులో గొణిగింది. "చీఫ్, అది అసలు ఫైల్."

"నువ్వు కుళ్లుకుంటున్నావు. కదలకు."

సూది తటపటాయించింది. కుళ్లు నిజమే. అంతమాత్రాన తెర మీది గుంత అబద్ధమవుతుందా? కాపీ తొంభై తొమ్మిది శాతానికి వచ్చింది. తుడుపుకర్ర పిడి మీది బటన్ నొక్కింది. ల్యాబ్‌లో కరెంటు పోయింది, కాపీ ఆగింది. సూది వెంటనే నెమలి చేతిని వెనక్కి విరిచింది, అవసరమైనదానికన్నా కాస్త గట్టిగానే.

ఆయన రెండు కప్పులతో వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు.

"అసలు ఫైలే. నెమలి మనల్నీ అమ్మేసింది. పొరపాటు నాదే" అన్నాడు చీఫ్ సాయంత్రం.

రాత్రి భోజనాల దగ్గర మొగుడు నిట్టూర్చాడు. "ఇవాళ ఒకావిడ వచ్చింది. చెప్పకుండానే వెళ్లిపోయింది, పాపం. నా లెక్కలు అంత శ్రద్ధగా విన్న మనిషి ఇంకొకరు లేరు."

దేశ రహస్యం కాబట్టి సూది నోరు మెదపలేదు. ఆయన కూరలో మాత్రం ఇంకో చెంచాడు ఉప్పు వేసింది.