కొండలో కలిసిన ఇల్లు

మిట్టమధ్యాహ్నం... అయినా సూర్యబింబాన్ని కారుమేఘం గుటుక్కున మింగేసింది! మ్బూలు కొండల మీద ప్రళయభీకర గర్జనలు... పట్టపగలే గుడ్లగూబ కూత!

పూడుకుపోయిన ఊటకు కాస్త కింద, బండ మీద ముసలి మేస్త్రీ తువాయ్ తడుస్తూ కూర్చున్నాడు. జలుబు భయం లేదు. ఏడాదిగా లోపల మండుతున్నది వానకు ఆరేది కాదు.

ఇంకా దిగువన, సొంత ఇంటి ముంగిట అతని కూతురు హావూ జుట్టు విరబోసుకుని మగగొంతుతో అరుస్తోంది. ఆమె మీదికి పిశాచాన్ని తోలినవాడు క్షుద్రోపాసకుడు గిదాబు. ఊరంతా ఈటెలు పట్టి వెతుకుతుంటే, నెల కిందట తువాయ్ దగ్గరికే వచ్చాడు. ఎవరి కంటా పడని ఇల్లు కట్టాలి, లేదా పిల్ల ప్రాణం పోతుందన్నాడు. వాడి చంకలో కపాలం... దాని ముందుపన్ను సగం విరిగి ఉంది. చిన్నప్పుడు మేకపోతు కుమ్మితే విరిగిన పన్ను! ఏడాది కిందట మాయమైన కొడుకు బూరాది!

తువాయ్ కన్ను చెమర్చనివ్వలేదు. సరేనన్నాడు.

పశువుల దొంగలకు దొరక్కుండా తాతలు కట్టుకున్న పద్ధతే. వాలులోకి తొలిచి, కప్పు మీద గడ్డితో సహా మట్టిపెళ్లలు పరిచాడు. ఆవులు కప్పెక్కి మేసి, పేడ వేసి మరీ పోయేవి. కట్టిన మేస్త్రీయే గుమ్మం కోసం రెండుసార్లు తడుముకున్నాడు!

వెనకగోడ కింద ఊటకు కాలువ వదలాలి. అది ఊటల్లో ఉండే దేవత నేత్లాంగ్ తల్లి నడిచే దారి. గిదాబుకు ఆ మాటే చెప్పాడు.

"కాలువ వెంట గడ్డి పచ్చగా మొలిచి నన్ను పట్టిస్తుంది. మూసెయ్ ముసలోడా."

"ఆ తల్లి ఊరుకోదయ్యా."

"నా పుర్రె ముందు నీ నీళ్లతల్లి ఏపాటిదిరా?"

"ఇల్లు నీది. నీ ఇష్టం. నా చెయ్యి మాత్రం పడదు."

గిదాబే బంకమట్టి తొక్కి ఊట నోరు పూడ్చాడు. వాడు అటు తిరగ్గానే తువాయ్ అక్కడ పాలు పోసి, "అమ్మా, నీ గొంతు నొక్కినోడు లోపలున్నాడు," అని గొణిగాడు.

ఇవాళ గిదాబు మాట తప్పాడు. ఇల్లు చేతికొచ్చింది గనక, అందులో కూర్చునే మంత్రంతో దిగువనున్న హావూ ప్రాణాన్ని ఆహుతి ఇస్తున్నాడు... నేల కింద మంత్రోచ్చారణ... పెళపెళమని పిడుగు!

కొండ కడుపు ఉబ్బింది. వెనకగోడ పగిలింది! ఒక్క ఆర్తనాదం... అదీ సగమే. తడిసిన కప్పు నెమ్మదిగా కూర్చుంది. బురదనీరు పొర్లుకుంటూ వచ్చి, విరిగిన పన్ను కపాలాన్ని తండ్రి కాళ్ల దగ్గర వదిలింది.

దిగువ నుంచి హావూ సొంత గొంతు వినిపించింది. "నాన్నా, ఆకలేస్తోంది."

ఈటెలవాళ్లు రొప్పుతూ వచ్చి వాడి ఇల్లెక్కడని అడిగారు. తువాయ్ కొడుకు తలను ఒళ్లో పెట్టుకుని, నున్నటి పచ్చటి వాలు వైపు చూశాడు.

"అడిగినట్టే కట్టాను నాయనా. ఇప్పుడు నాకూ కనబడట్లేదు."