రెండోసారి తీయని ఫోటో

నైజీరియాలో, ఇబాదాన్ ఊళ్ళో, ఓజే సంతకు దిగే సందులో నాకో స్టూడియో ఉంది. ఒక పక్క మోరడెకె అక్క జడలల్లే బడ్డీ, ఇంకో పక్క పంక్చర్ల కొట్టు. మధ్యలో మిగిలిన ఆరడుగులూ నావి. స్టూడియో అంటే ఒక నీలం తెర, ఒక చెక్కబల్ల, ఒక ఫోను. ఫోటోలు తీయడం నాకెవరూ నేర్పలేదు. ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు, నా ఫోటోలే చెబుతాయి. మా అన్న పెళ్ళిలో పెళ్ళికొడుకు తల లేకుండా నలభై ఫోటోలు తీసిన ఘనుణ్ణి.

నన్ను ఇన్నాళ్ళు బతికించింది బ్లర్. ఫోటో తీశాక తీరిగ్గా కూర్చుని, కింద గీత మీదున్న చుక్కను వేలితో జరుపుతాను. సున్నా దగ్గర అన్నీ స్పష్టంగా ఉంటాయి. పదహారు దగ్గర మనిషి మిగులుతాడు, వెనకంతా పొగ. తెరకున్న చిరుగు, దాని పక్కన మురుక్కాలవ, కాలవ గట్టున మేక, అన్నీ మాయం. మా సందు మనిషి ఏ లండన్‌లోనో కూర్చున్నట్టుంటాడు. ఇది నా ప్రతిభ అనుకునేవాణ్ణి.

ఇయా ఇబేజీ వచ్చింది జనవరిలో. కవలల తల్లిని మా దగ్గర అలాగే పిలుస్తారు, సొంత పేరుతో పిలిస్తే పలకదు. ఉత్తరం నుంచి ఎడారి దుమ్ము దిగిన రోజులవి. సాయంత్రం నాలుగింటికే సూర్యుణ్ణి కళ్ళార్పకుండా చూడొచ్చు. ఎక్కడో గడ్డి తగలబడుతున్న వాసన. పెదాలు పగిలి నవ్వడానికి కూడా మనసొప్పదు. ఆవిడకి ఆ ఇబ్బంది లేదు, నవ్వే మనిషి కాదు.

ఆవిడ వెనక ఏడేళ్ళ పిల్ల, కెహిండె. కవలల్లో ముందు పుట్టిన తైవో, రెండో ఏట లాగోస్ వెళ్ళింది. కవలలు చనిపోయారని ఎవరూ అనరు. లాగోస్ వెళ్ళారంటారు.

"ఇద్దరి ఫోటో కావాలి," అంది ఇయా ఇబేజీ. "ఎలా తీయాలో తెలుసా, లేక పక్క సందులోకి పోనా?"

తెలుసన్నాను. ఉన్న పిల్లని బల్లకి ఎడమ చివర కూర్చోబెట్టి ఒకటి తీయాలి. తర్వాత కుడి చివరికి జరిపి, తల్లి రెండో పేరు పెట్టి పిలిచాక ఇంకోటి తీయాలి. రెండూ కలిపితే అక్కచెల్లెళ్ళు పక్కపక్కన ఉంటారు. మా నాన్న కాలం నుంచీ అంతే.

ఆవిడ పామాయిల్ వేసిన బొబ్బర్లు రెండు గిన్నెల్లో తెచ్చింది. ఒక్క గింజ తేడా లేకుండా సర్ది, ఒకటి పిల్ల ముందూ, ఒకటి ఖాళీ చోటు ముందూ పెట్టింది.

"అమ్మా, నాకు దాహంగా ఉంది," అంది పిల్ల.

"నీకెప్పుడూ ఏదో ఒకటి. ఇద్దరి పాలూ తాగినదానివి, అయినా తీరలేదు." నావైపు తిరిగింది. "మంచిది వెళ్ళిపోయింది, ఇది మిగిలింది. నీళ్ళు తెస్తా. రెండోసారి తీసేటప్పుడు నన్ను పిలువు. పేరు నేనే పిలవాలి."

ఆవిడ వెళ్ళింది. కెహిండె నా వైపు చూసి కళ్ళెగరేసింది. "ఫోటో మామా, నీ మేక నా గిన్నె వైపే చూస్తోంది."

"అది నా మేక కాదు తల్లీ, నా అప్పులవాళ్ళ గూఢచారి."

పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగాక ఒకటి తీశాను. బాగా వచ్చింది. పొద్దుట్నుంచీ నేనేమీ తినలేదు, ఎదురు హోటల్లో వేడి అమలా ముద్దల ఆవిరి ముక్కుకి తగులుతోంది. రెండోసారి ఎందుకనిపించింది. ఫోన్లోనే పిల్లని కత్తిరించి, కుడి పక్కన అతికించాను. రెండు నిమిషాల పని. అంచులు ఎలక కొరికినట్టున్నాయి. అందుకని ఆ అతికించిన పిల్లని కాస్త వెనక్కి నెట్టి, బ్లర్ తొమ్మిదికి జరిపాను.

అంచులు మాయమయ్యాయి. భుజం తట్టుకున్నాను.

అప్పుడు చూశాను. కుడి పక్క మసకలో ఒక నోరు స్పష్టంగా ఉంది. నోరొక్కటే. నేను తీసినప్పుడు కెహిండె పెదాలు మూసుకునుంది. ఈ నోరు తెరిచి ఉంది.

ఫోన్ తప్పు అనుకున్నాను. చుక్కని వెనక్కి లాగాను. రాలేదు. తొమ్మిది దగ్గరే ఉంది. కుడి పక్క ముక్కు తేలింది... కళ్ళు తేలాయి. ఎడమ పక్క పిల్ల చెంపలు కరగడం మొదలెట్టాయి.

"మామా," అంది బల్ల మీంచి కెహిండె. "దుమ్ము లోపలికొచ్చేసింది."

లోపల దుమ్ము లేదు.

"మామా... ఎక్కడున్నావు?"

నేను చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. పిల్ల రెండు చేతులూ ముందుకు చాపి గాలిలో వెతుకుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి అందక ఎగపోస్తోంది, తడిబట్ట నోటి మీద వేసినట్టు.

"అక్కా," అని అరిచాననుకున్నాను. వచ్చింది గుసగుస. అయినా మా రెండు కొట్ల మధ్య తడిక అవతలున్న మోరడెకె అక్కకి వినబడింది. సగం అల్లిన జడ వదిలేసి వచ్చింది. ఫోన్ చూసింది. పిల్లని చూసింది.

"ఒక్కసారే తీశావా?"

"ఊఁ."

"తైవోని వెనక్కి నెట్టి మసక చేశావా? వాళ్ళిద్దరికీ అన్నం కూడా ఒక్క మెతుకు తేడా లేకుండా పెడతారు కదరా, నీ తలకాయలో ఏముంది?"

"ఆకలి," అన్నాను. సిగ్గులేనివాడికి నిజం తొందరగా వస్తుంది.

ఇయా ఇబేజీ నీళ్ళ ప్యాకెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో.

మోరడెకె అక్క ఆవిడ చేయి పట్టుకుంది. "అమ్మా, పిల్లని కుడి పక్కకి జరుపు. ముందు కెహిండె అని పిలువు. అది పలికాకే రెండో పేరు. పలక్కపోతే మళ్ళీ పిలువు, వంద సార్లైనా. కెహిండెని ముందు పట్టుకోవాలి. అర్థమైందా?"

ఆవిడ ఫోన్లోకి చూస్తోంది. కుడి పక్క పిల్లని. చాలాసేపు చూసింది. ఆ మొహంలో నేను మొదటిసారి మెత్తదనం చూశాను.

ఆవిడ వెళ్ళి కెహిండెని భుజాలు పట్టి కుడి పక్కకి జరిపింది. పిల్ల తల్లి బట్ట పట్టుకుంది, గట్టిగా, రెండు పిడికిళ్ళతో. "అమ్మా, నువ్వేనా? అమ్మా, నన్ను పిలువు."

తల్లి వంగింది. చెవి దగ్గర నోరు పెట్టింది.

"తైవో."

"ముందు అది కాదు," అంది మోరడెకె అక్క.

"తైవో. నా తల్లీ."

నేను పిలవబోయాను. కెహిండె అన్న పేరు నాలుక మీదికొచ్చింది. ఇయా ఇబేజీ తలెత్తి ఒక్క చూపు చూసింది. నేను వీరుణ్ణేమీ కాను. ఆ పేరు మింగేశాను.

పిడికిళ్ళు వదులయ్యాయి. ఊపిరి సాఫీ అయింది. పిల్ల కళ్ళు నులుముకుని, ఖాళీ చోటు ముందు పెట్టిన గిన్నె ఒళ్ళోకి తీసుకుని, బొబ్బర్లు నోట్లో కుక్కుకోవడం మొదలెట్టింది. ఐదేళ్ళుగా తిననట్టు.

"ఆఁ అమ్మా," అంది, నమలడం ఆపకుండా.

ఇయా ఇబేజీ పిల్ల మూతి తన బట్ట చెంగుతో తుడిచింది. నీళ్ళు తాగించింది. చేయి పట్టుకుని లేపింది.

"ఫోటో..." అన్నాను.

"వద్దు. నా పిల్ల నా దగ్గరుందిగా."

"కెహిండె ఏదమ్మా?" అంది మోరడెకె అక్క మెల్లగా.

"లాగోస్ వెళ్ళింది," అందావిడ.

వాళ్ళు దుమ్ములో కలిసిపోయేదాకా చూశాం. మోరడెకె అక్క ఆ రోజు నుంచి నాతో మాట్లాడదు. తడికకి రెండో వరస కట్టించింది.

ఫోటో నా దగ్గరే ఉంది. చెరపలేను. అందులో కుడి పక్క బల్ల ఖాళీ. ఎడమ పక్క, తొమ్మిది అంకె బ్లర్‌లో, ఒక పిల్ల ఆకారం. ఆ పిల్లని బయటికి తేవాలని రోజూ చుక్క లాగుతాను. మొదట్లో కదిలేది కాదు. వారానికి ఎనిమిదికి వచ్చింది. ఆపై ఏడు. మసక విడుతోందని సంతోషించాను, పిల్లకి నా మాట వినబడుతుందేమోనని మేక మీద జోకులు కూడా చెప్పాను.

ఐదు దగ్గర పిల్ల నావైపు చూస్తోంది. నాలుగు దగ్గర పక్కకి తిరిగింది. వెనక ఉండాల్సిన నా నీలం తెర లేదు. ఏదో గోడ, గోడకో తలుపు.

మూడు దగ్గర పిల్ల భుజం మీద ఒక చెయ్యి కనబడింది. పెద్దవాళ్ళ చెయ్యి. ఆ చెయ్యి తాలూకు మనిషి ఇంకా మసకలోనే ఉన్నారు. అక్కడితో నేను లాగడం మానేశాను. ఫోన్ ఆపేసి, గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టాను.

ఈ పొద్దున పెట్టె తెరిచాను. ఫోన్ వెలుగుతోంది. చుక్క ఒకటి దగ్గర ఉంది.