నీలికొట్టంలో బట్టీ

గుండుగొలను దాటి కొల్లేరు వైపు దిగే గట్టు మీద, కప్పు సగం కూలిన కట్టడం ఒకటి ఉండేదట. ఎప్పుడో నీలిమందు తీసిన చోటు. నీలిమందు పోయింది, తీయించిన దొరలూ పోయారు. పేరు మాత్రం మిగిలింది... నీలికొట్టం.

పొద్దుగూకాక ఆ గట్టున ఎవరూ నడిచేవారు కాదు. చేపల బుట్టలతో ఆలస్యమైన ఆడవాళ్ళు మోకాలిలోతు బురదలో పడి చుట్టూ తిరిగి పోయేవారు గాని, నీలికొట్టం ముందు నుంచి పోయేవారు కాదు. అందులో ఒకే ఇంటివాళ్ళు ముగ్గురు పోయారని చెప్పుకునేవారు. ఎలా పోయారండీ అని అడిగితే... "ఆ ఊసెత్తకండి బాబూ" అని గొంతు తగ్గించేసేవారు.

సరిగ్గా అలాంటి చోటే పాపారావుకి కావలసి వచ్చింది.

పాపారావుది తాడేపల్లిగూడెం. బెల్లం వర్తకుల ఇంట్లో ఆఖరివాడు. కొన్నాళ్ళు ఎక్కడో సారా ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసి, ఆ పని చూసి చూసి, ఒక పిచ్చి పట్టించుకుని వచ్చాడు. కాంట్రాక్టర్లు అమ్మే మంటనీళ్ళు కాదు, లవంగమూ కమలాతొక్కా వేసి, సన్నటి సెగ మీద దించిన మేలైన సరుకు తీయాలి. చిన్న బట్టీ చాలు. అది తన చేతిమీదుగా నడవాలి. అంతే.

తీరా చూస్తే లైసెన్సులు పెద్ద పెద్ద కాంట్రాక్టర్లకేనని తెలిసింది. అన్నలు వేరుపడమన్నారు. ఇంట్లో భార్య చంద్రావతి కడుపుతో ఉంది. ఇక దొంగచాటుగానైనా మొదలుపెట్టక తప్పదనుకున్నాడు. అది పందొమ్మిది వందల ముప్పై నాలుగో సంవత్సరం, చలికాలం.

ముందుగా, పెళ్ళిలో ఇచ్చిన రాగి కాగు పట్టుకొచ్చాడు. ఎందుకని చంద్రావతి అడగలేదు. అన్నల కొట్టులో అడుగున మిగిలిన బెల్లం మడ్డి ఊరికే దొరికింది. కట్టెలూ, మడ్డి ఊరబెట్టడానికి తుమ్మచెక్కా తన తాటిదోనెలో చేరవెయ్యడానికి ముసలయ్య ఒప్పుకున్నాడు. అవతలి లంకలో చేపలు పట్టుకు బతికే మనిషి.

"దెయ్యమంటే భయం లేదా ముసలయ్యా?"

"ఉందండీ. మీరు పక్కనుంటే లేదండీ."

ఇక కావలసింది గొట్టం ఒక్కటే. ఆవిరి చల్లబడి సారాగా దిగాలంటే గొట్టం చుట్టలు చుట్టి నీళ్ళలో ఉంచాలి. రాగి గొట్టం ధర అడిగి, ఏలూరు బజారులోంచి ఉత్త చేతులతో వెనక్కి వచ్చేశాడు పాపారావు.

అలాంటిది, నీలికొట్టం బాగుచేస్తుంటే పాత తొట్టి అడుగున, మట్టిలో దొరికింది. బూడిదరంగు గొట్టం. మహా బరువు, కాని చేత్తో వంచితే మెత్తగా వంగింది. అతని కళ్ళు మెరిశాయి.

"ఇక్కడ దొరికింది మనకెందుకండీ..." అన్నాడు ముసలయ్య.

"నువ్వూరుకో. దేవుడిచ్చాడనుకో."

బట్టీ వెలిగింది. మొదటి రోజు గొట్టం చివర చుక్క కట్టి, జారి, కుండలో పడినప్పుడు కొట్టమంతా లవంగం వాసన. పాపారావుకి ఏడుపొచ్చినంత పనయింది. దిగినప్పుడల్లా రుచి చూసి ఘాటు చెప్పే పని ముసలయ్యది. నెల తిరక్కుండా లంకల్లో ఆ సరుకు కోసం మనుషులు కబురంపడం మొదలెట్టారు.

ఎండలు ముదిరేదాకా అంతా బాగానే ఉంది.

ఓ రాత్రి... కాగు దించి, నిప్పు ఆర్పి, కొట్టం వెనక చాప మీద పడుకున్న పాపారావుకి మెలకువ వచ్చింది. లోపల ఏదో ఈడుస్తున్న చప్పుడు. సర్ర్... ఆగింది. మళ్ళీ... సర్ర్...

లేవలేదు. చాప మీదే ముడుచుకుపోయాడు.

తెల్లారి చూస్తే గొట్టం లేదు. గట్టు కింద బురదలో పడి ఉంది. కడిగి, తెచ్చి, మళ్ళీ బిగించాడు. మర్నాడూ అదే వరస. ఆ మర్నాడు కాగు మూతికి పెట్టిన మట్టి మీద చూశాడు... పంటిగాట్లు. మనిషి పళ్ళు.

ఆ సంగతి ముసలయ్యతో చెప్పలేదు. చెబితే దోనె తిప్పుకుని పోతాడని భయం. రెండోది, లోపల్లోపల ఇంకో అనుమానం... ఈ పని చేస్తున్నది ముసలయ్యే కాదు గదా?

ఆ సాయంత్రమే, నిండు కుండ దోనెలోకి చేరవేస్తూ ముసలయ్య వదిలేశాడు. వారం కష్టం మట్టిలో ఇంకిపోయింది.

"జారిపోయిందండీ..."

"జారిపోయిందా? పగలు కుండలు పగలగొట్టడం, రాత్రి గొట్టాలు పీకడం! నిన్నెవరు పంపారు? అబ్కారీ వాళ్ళా, కాంట్రాక్టరా?"

 ముసలయ్య తలొంచుకుని దోనె ఎక్కి, తుంగలోకి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి పాపారావు పడుకోలేదు. లాంతరు వత్తి బాగా తగ్గించి, తొట్టి చాటున కూర్చున్నాడు. చేతిలో కట్టెపేడు. గాలి లేదు. కొల్లేట్లో ఎక్కడో నీటికోడి అరిచి ఊరుకుంది. దోమలు ముసిరినా చెయ్యి కదపలేదు.

ఎంతసేపయిందో...

గుమ్మంలో చీకటి కాస్త చిక్కబడ్డట్టయింది.

ఆకారం. సన్నగా, పొడుగ్గా. విరబోసుకున్న జుట్టు. చడీచప్పుడూ లేకుండా లోపలికి వచ్చింది. చేతులు రెండూ ముందుకు చాపి ఉన్నాయి. ఆ చేతుల చివర... మణికట్ల దగ్గర్నుంచి అరచేతులు కిందికి వేలాడుతున్నాయి. మెడ విరిచిన నీటికోళ్ళలా, అడుగు తీసి అడుగు వేస్తే అటూ ఇటూ ఊగుతున్నాయి.



అది కాగు ముందు కూలబడింది. వంగి, గొట్టాన్ని పళ్ళతో పట్టింది. మోచేతుల మధ్య ఇరికించి లాగింది. సర్ర్...

కట్టెపేడు అతని చేతిలోంచి జారి ఠప్పుమంది.

ఆకారం తల తిప్పింది.

"కొట్టకండి నాయనా..." గుసగుస. "నేను మనిషినే."

"ఎ... ఎవరు?"

"మరిడమ్మనండి. ఈ కొట్టంలో పోయిన వీరాస్వామి పెళ్ళాన్ని."

లాంతరు పెద్దది చేశాడు. ముసలి మొహం. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. నీడ ఉంది, ఊపిరి ఉంది. అతనికి కాస్త ప్రాణం కుదుటపడింది. వెంటనే కోపం ముంచుకొచ్చింది.

"నా బట్టీ నీకేం చేసింది?"

"బట్టీ కాదు బాబూ. ఈ గొట్టం." ఆయాసపడుతూ చెప్పుకొచ్చింది. "మా ఆయనా ఇక్కడే కాసేవాడు. రాగి గొట్టం చిల్లుపడితే ఎక్కడిదో ఇది తెచ్చి పెట్టాడు. చవగ్గా వచ్చిందని సంబరపడ్డాడు. ఆ తరవాతే... ముందు కడుపులో మెలిపెట్టే నొప్పి. తరవాత చేతులు పడిపోడం. ఆ తరవాత మూర్ఛలు. మా ఆయన, మా మరిది, మా పిల్లోడు. నేను కొంచెమే తాగేదాన్ని. అందుకని నాకు చేతులతో సరిపోయింది. అందులో సీసం దిగిందని ఏలూరులో డాక్టరుగారు చెప్పారు. అప్పటికే నేనే విషం పెట్టానని ఊరంతా తరిమేసింది."

"మరి ఇన్నాళ్ళూ..."

"జంగారెడ్డిగూడెంలో, కూతురి దగ్గర. నీలికొట్టంలో మళ్ళీ పొగ లేస్తోందని సంతలో ఎవరో అంటే విని, నడిచొచ్చేశాను."

"పగలొచ్చి చెప్పొచ్చు గదా అమ్మా!"

"పగలు కనబడితే రాళ్ళు పెట్టి కొడతారు నాయనా. దెయ్యమనుకుంటే ఎవరూ దగ్గరికి రారు."

పాపారావు లాంతరు దగ్గరికి పట్టాడు. గొట్టం వంక చూశాడు. తన చేతులతో వంచి, మురిసిపోతూ చుట్టలు చుట్టిన గొట్టం.

"మీరు తాగారా?" అని అడిగింది మరిడమ్మ.

"లేదు. మా ఇంటా వంటా లేదు. చుక్క కూడా నోట వేసుకోను."

"హమ్మయ్య..." అని నిట్టూర్చి, మళ్ళీ తలెత్తింది. "మరి... దిగిన సరుకు రుచి ఎవరు చూస్తారు బాబూ?"

లాంతరు అక్కడే వదిలేసి పాపారావు లేచాడు.

గట్టు దిగి పరుగెత్తాడు. తుంగ కోసుకుంటోంది, కాళ్ళు దిగబడుతున్నాయి. లంకకి అడ్డంగా నడుంలోతు నీళ్ళలో పడి, పడుతూ లేస్తూ, తెలతెలవారుతుండగా అవతలి గట్టు చేరాడు.

దోనె ఒడ్డుకి కట్టి ఉంది. దాని అంచున ముసలయ్య కూర్చుని ఉన్నాడు. పక్కన భార్య నూకాలమ్మ గిన్నెలోంచి గంజి తీసి, పసిబిడ్డకి పట్టినట్టు అతని నోటికి పడుతోంది. పాపారావుని చూసి కొంగు సర్దుకుని లేచింది.

"ముసలయ్యా! ఏలూరు పోదాం పద. ఆసుపత్రికి. ఇప్పుడే. నీకు... నీకు కడుపునొప్పి ఏమన్నా..."

ముసలయ్య గాభరాగా లేచి నిలబడ్డాడు. రాత్రంతా కుమిలిపోయినట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కోపం పోలేదాండీ? కుండ నేను కావాలని వదల్లేదండీ, నన్ను నమ్మండి..."

అంటూ దండం పెట్టబోయాడు.

మోచేతులు రెండూ గుండెల దాకా లేచాయి. అరచేతులు మాత్రం లేవలేదు.