నాలుగు కొట్టి ఒకటి మింగే బండి

మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలో దెయ్యం ఉందంటే ఎవరూ నవ్వరు. పగలంతా మీసం మెలేసే మొనగాళ్ళు కూడా చీకటి పడితే దాని ముందున్న మలుపు మానేసి, చుట్టూ తిరిగి, బస్ డిపో వెనక సందులోంచి ఇళ్ళకు పోతారు. ఎందుకంటే ఆ దెయ్యం కనబడదు... వినబడుతుంది.

మోటార్ సైకిల్ చప్పుడు. పాత టూ స్ట్రోక్ బండిది. విరిగిన గోడ అవతల, తలుపుల్లేని షెడ్డులో ఉన్నట్టుండి స్టార్టవుతుంది... కాసేపు నిలబడిన చోటే ఆడుతుంది... ఆగిపోతుంది. బండి మాత్రం బయటికి రాదు. కాలిన ఆయిల్ వాసన ఒక్కటే గాల్లో మిగులుతుంది.

ఒక ఆటో డ్రైవరున్నాడు. నోరు తెరిస్తే కోతలే కాబట్టి అందరూ కత్తెర అంటారు. ఓ రాత్రి సరిగ్గా అక్కడే టైరు పంక్చరై దిగాడట. చప్పుడు చెవిన పడిందో లేదో, ఆటోనీ చెప్పుల్నీ వదిలేసి పరుగు లంకించుకున్నాడు. ఆటో కోసం తెల్లారాక నలుగుర్ని వెంటేసుకుని వెళ్ళాడు. చెప్పుల కోసం ఇప్పటికీ వెళ్ళలేదు.

ఈ సంగతి అందరికీ తెలుసు, ఒక్క టైలరమ్మకు తప్ప. ఆమె ముందు ఎవరూ ఆ మాట ఎత్తరు. కిందటేడు వానల్లో ఆమె కొడుకును లారీ గుద్దేసింది ఆ ఫ్యాక్టరీ మలుపులోనే. ఒక్కగానొక్క కొడుకు. పెద్దోడంటూ ఎవడూ లేకపోయినా వాణ్ణి చిన్నోడనే పిలిచేది.

కానీ కత్తెర నోరు ఎన్నాళ్ళని ఊరుకుంటుంది? ఖాకీ చొక్కాకు గుండీలు కుట్టించుకోడానికొచ్చి నోరు జారనే జారాడు.

"అటు మాత్రం పోకు పిన్నీ. మనవాడి బండి... ఇంకా అక్కడే తిరుగుతోంది."

కుట్టు మిషను ఆగింది.

"పాత బళ్ళన్నీ అలాగే అరుస్తాయిరా," అంది ఆమె, తలెత్తకుండా.

"అన్నీ కాదు పిన్నీ. ఇది నాలుగు కొట్టి ఒకటి మింగుతుంది."

ఆమె చేతిలో గుండీ జారి కింద పడింది.

ఆ మింగుడు లోకంలో ఇంకే బండికీ లేదు. చిన్నోడు తుక్కులోంచి ఏరుకొచ్చి తనే బిగించుకున్న బండి అది. సైలెన్సర్ కూడా తనే కోసి అతికించాడు. నిలబెట్టి ఆడిస్తే టింగ్, టింగ్, టింగ్, టింగ్ అని, ఐదోది గుటుక్కుమని మింగేసేది. వీధి చివర ఆ మింగుడు వినబడగానే ఆమె స్టవ్ వెలిగించేది. వాడు బూట్లు విప్పేసరికి పళ్ళెంలో అన్నం పొగలు కక్కుతుండేది.

వాళ్ళ నాన్న బస్ డిపోలో ఫిట్టరు. డీజిల్ ఇంజన్ల మనిషి, సైకిల్ తప్ప ఏదీ తొక్కి ఎరగడు. "ముందా మింగుడు సరిచెయ్యరా, ఎందుకొచ్చిన డొక్కు!" అని రోజూ తిట్టేవాడు. వాడు రోజూ నవ్వేవాడు.

ప్రమాదం తర్వాత, ఆ బండి మరమేకు కూడా నా గడప తొక్కకూడదని ఆమె ఒట్టు పెట్టింది. ఫిట్టరు తలూపాడు. తుక్కుకి వేసేశానని చెప్పాడు. పారెయ్యమన్నది ఆమే. పారేసినందుకు ఆయన్ని క్షమించలేకపోయిందీ ఆమే. పైగా ఆ మనిషి ఎవరి ముందూ కన్నీటి చుక్క రాల్చలేదు, ఎప్పట్లాగే రాత్రి డ్యూటీకి పోయాడు. రాయి, అనుకుంది. అప్పట్నుంచీ గ్యాసు బండ గురించీ కరెంటు బిల్లు గురించీ తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఒకే ఇంట్లో వేరు వేరుగా అద్దెకున్నట్టు బతుకుతున్నారు.

ఆ రాత్రి ఆయన డ్యూటీకి వెళ్ళాక ఆమె అన్నం వేడి చేసింది. డబ్బాలో సర్ది, చల్లారకుండా గుడ్డ చుట్టింది. భయం ఏ కోశానా లేదు. దెయ్యమైతేనేం, నా కడుపున పుట్టిన దెయ్యమే కదా! ఏ రూపంలో ఉన్నా సరే, ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలు. ఆమెకు కావలసింది అదొక్కటే.

ఆఖరి వీధి దీపం దాటింది. మలుపు దగ్గర రోడ్డు వైపు చూడలేదు — గోడ పట్టుకుని నడిచింది. గేటు ఓ పక్కకి ఒరిగి ఉంది. లోపల చీకటి... తడి సిమెంటు వాసన... ఎక్కడో నీళ్ళు చుక్క చుక్కగా పడుతున్నాయి.

"చిన్నోడా..."

గుసగుసలా వచ్చిన ఆ పిలుపు ఆమెకే సరిగ్గా వినబడలేదు.

"నేనేరా... అమ్మని..."

షెడ్డులో ఏదో కదిలింది. ఇనుము కిర్రుమంది. ఎవరో కిక్ కొట్టారు — అందుకోలేదు. మళ్ళీ కొట్టారు — గొంతు సవరించుకున్నట్టు దగ్గింది. ఇంకోసారి...

టింగ్, టింగ్, టింగ్, టింగ్ —

మింగింది.

ఆమె చప్పుడు వైపు నడిచింది. పొగ కళ్ళల్లో మండుతోంది. ఆ పొగలో, చీకట్లో, బండి మీద ఒక మనిషి ఆకారం. వీపు ఇటు. కాస్త ముందుకు వంగి, కుడి భుజం ఓ రవ్వ దించి... ఆ వీపు ఆమెకు తెలుసు. చిన్నప్పట్నుంచీ చొక్కా కొలతలు తీసిన వీపు.

దగ్గరికి వెళ్ళి, ఊపిరి బిగబట్టి, చెయ్యి వేసింది.

వీపు వెచ్చగా ఉంది.

ఆ మనిషి ఉలిక్కిపడి తిరిగాడు. మొహమంతా కన్నీళ్ళు.

ఫిట్టరు.

అన్నం డబ్బా ఆమె చేతిలోంచి జారింది. ఆయన తడబడుతూ ఇంజన్ ఆపాడు.

"తుక్కుకి వేశానన్నారు..."

"వెయ్యబోయానే. ఫ్రేము మెలి తిరిగిపోయింది, ఎందుకూ పనికిరాలేదు. ఇంజన్ మీద మాత్రం గీత కూడా పడలేదు. వాడేమో అలా అయిపోయాడు... దీనికి గీత పడలేదే!" ఆయన ఇంజన్‌ని అరచేత్తో తడిమాడు. "ఇంకో బండి ఫ్రేము తెచ్చా. ఈ ఇంజన్ దాన్లో కూర్చోలేదు. మౌంటింగులు కోసి, కొత్త ప్లేట్లు వెల్డింగ్ చేశా. నువ్వు ఒట్టేశావు కదా... ఇంటికి తేలేక ఇక్కడ పెట్టా. డ్యూటీలో భోజనాల వేళకి వచ్చి ఓసారి ఆడించి పోతుంటా."

ఆమె ట్యాంకు మీద చెయ్యి పెట్టింది. ఇది వేరే బండి ట్యాంకు, వేరే సీటు. వాడు ముట్టుకున్నది ఆ ఇంజనూ, ఆ సైలెన్సరే.

"ఆ మింగుడు సరిచెయ్యడం మీకు చేతకాదా?"

"చేతకాకేం. కార్బరేటర్‌లో జెట్టు మారిస్తే పోతుంది." ఆయన తల దించుకున్నాడు. "చెయ్యి రాలేదే."

రాయి అనుకున్న మనిషి ఆమె ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమెకు ఆయన మీద జాలీ, కోపం ఒక్కసారే పొంగుకొచ్చాయి. కొట్టాలనిపించింది, పట్టుకోవాలనిపించింది. చివరికి చీర కొంగుతో ఆయన మొహం తుడిచింది.

"అయితే... వాడిక్కడ లేడన్నమాట."

ఆయన బండి దిగి ఆమె ఎదుట నిలబడ్డాడు.

"లేడే," అన్నాడు.

ఆ మాట వాళ్ళిద్దరూ అనుకోవడం అదే మొదటిసారి. దెయ్యంగానైనా ఉంటాడనుకున్న కొడుకు దెయ్యంగా కూడా లేడు. ఆమె ఆ నేల మీదే కూలబడి, ఏడాదిగా దాచుకున్నదంతా ఏడ్చింది. ఆయన పక్కన కూర్చున్నాడు.

చాలాసేపటికి లేచింది. కొంగు సర్దుకుంది. గొంతు తగ్గించి అడిగింది:

"ఏవండీ... ఇంకొక్కసారి కొడతారా కిక్కు? ఇప్పుడే కాదు. నేను వెళ్ళి గేటు దగ్గర నిలబడతా. ఇటు తిరగను."

ఇప్పుడు ఆ మలుపు పేరు వింటేనే జనం హడలి చస్తున్నారు. ఎందుకంటే ఆ రాత్రి అటుగా వచ్చిన పాల వ్యాను డ్రైవరు లైటు వెలుతుర్లో కళ్ళారా చూశాడట. లోపల బండి చప్పుడు. గేటు దగ్గర ఒక ఆడమనిషి. హారను కొట్టినా కదల్లేదట. కళ్ళు గట్టిగా మూసుకుని, ఎవరో ఇంటికొస్తున్నట్టు నవ్వుతోందట.