ఎర్రపెట్టెలో పెట్టని కార్డు

ఆ ఆదివారం సంజీవరావు చలవపంచె కట్టుకుని చర్చికి తయారవుతున్నాడు. పెళ్ళికి ముందు చర్చిలో మూడు ఆదివారాలు చదివే ప్రకటనల్లో కూతురు కరుణాకుమారికి అది మూడోది. రెండు వారాలు ఎవరూ అడ్డుచెప్పలేదు. ఇవాళ కూడా చదివేస్తే బిట్రగుంట రైల్వే కుర్రాడు జయకుమార్‌తో పెళ్ళి ఖాయమైనట్టే.

ఇంతలో పాస్టరుగారే ఇంటికొచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. పిల్లకు చిన్నతనంలో పెద్దరోగం, అదే కుష్ఠు, వచ్చిందని పెళ్ళివారికి తెలిసిందట, ప్రకటన ఆపమన్నారట. ఆసుపత్రి కాంపౌండరు చెంచురామయ్య జ్వరాల కార్డులు వెతుకుతుంటే కరుణ కార్డు బయటపడిందట, ఆ మాట అతనే పెళ్ళివారి చెవిన వేశాడట.

ముత్తుకూరు ఆసుపత్రిలో ఆ కార్డులు సర్దేది సంజీవరావే! జ్వరాలు, దెబ్బలు, కాన్పులు తెల్లకార్డులు. ఎవరైనా తీసుకునేలా బయట బల్లమీద ఉంటాయి. పెద్దరోగం, క్షయ అయితే ఎర్రపెట్టెలోకి పోతాయి. దాని తాళంచెవి ఇరవై ఏళ్ళుగా ఆయన మొలలోనే ఉంది. ఎవరి సంగతీ భార్య సామ్రాజ్యానికి కూడా చెప్పి ఎరగడు, మహానుభావుడు.

పాస్టరుగారు గడప దాటారో లేదో సామ్రాజ్యం కొంగు బిగించింది. ఆ చెంచురామయ్య అంతు చూస్తానని బయల్దేరింది. కరుణ ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, తండ్రి వైపు తిరిగింది.

"ఊరందరి కార్డులూ పెట్టెలో పెట్టి తాళమేసినావు. నాదెందుకు బయట పెట్టినావు నాన్నా?"

ఎనిమిదేళ్ళ పిల్ల మోచేతి మీద పాలిపోయిన మచ్చ, రెండేళ్ళు మింగించిన మాత్రలు, నయమైపోయిందన్న డాక్టరమ్మ మాట, అన్నీ ఆయన కళ్ళముందు తిరిగాయి.

"ఆ పెట్టెలో నీ పేరు చూడలేకపోయినానమ్మా. తెల్లవాటిలో ఉంటే జ్వరమొచ్చిపోయిన పిల్లవే అనుకున్నా."

"అంటే అందరికన్నా ముందు సిగ్గుపడింది నువ్వే గదా."

ఆయన చెప్పులు తొడుక్కుని ఆసుపత్రికి నడిచాడు. కరుణ కూడా వెంట వెళ్ళింది.

బల్లమీది కార్డు తీసి, ఎర్రపెట్టె తెరిచాడు. లోపల ఉన్నవన్నీ ఎవరో ఒకరి బిడ్డల పేర్లే. వాళ్ళందరినీ కాపాడి, కన్నబిడ్డను మాత్రం పదిమంది చేతుల్లో పడేశానే అని కుమిలిపోయాడు. కార్డు లోపల పెట్టలేకపోయాడు. కరుణే దాన్ని అందుకుని లోపల పెట్టి, తాళం వేసి, చెవి ఆయన చేతికిచ్చింది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది నాన్నా, ఇంటికి పోదాం పా" అంది.

ఆయన మాత్రం అక్కడే కూలబడి ఏడ్చాడు. ఇరవై ఏళ్ళలో ఆ పెట్టె ముందు ఆయన ఏడవడం అదే మొదలు. చర్చిలో గంట మోగి ఆగిపోయింది. కరుణ ఆయన పక్కనే నేలమీద కూర్చుంది.